మీసాల వంతెన

ఒకానొక రాజ్యంలో ఒక మీసం ఉండేది. ఆ మీసానికి ఒక రాజుగారు కూడా ఉండేవారు.

రాజ్యం పేరు కనకపూడి, రాజుగారి పేరు మార్తాండ భూపతి. నిజం చెప్పుకోవాలంటే ఆయన చెడ్డవారేం కాదు. ఆకలని వచ్చినవాడికి అన్నం పెట్టించేవారు. పన్నుల కోసం ఎవరి గొంతు మీదా కూచోలేదు. మీసం దగ్గరికొచ్చేసరికే కాస్త తిక్క. పొద్దున దానికి సాంబ్రాణి ధూపం, మధ్యాహ్నం సంపెంగ నూనె, పడుకునే ముందు పట్టుగుడ్డతో కట్టు. అది రెండు చెంపల మీదా వంపు తిరిగి, చెవుల దాకా పోయి, కొసల్లో మళ్ళీ పైకి మెలితిరిగి ఉండేది. పక్కన కూచునేవాళ్ళు కాస్త ఎడంగా కూచోవలసి వచ్చేది.

ఏ రాజ్యానికైనా సింహమో, చేపో, వరాహమో గుర్తుగా ఉంటుంది కదా. కనకపూడికి మీసమే గుర్తు. జెండా మీద మీసం, నాణెం మీద మీసం, కోట గుమ్మం మీద ఇత్తడి మీసం. "మా మీసం ఎక్కడుంటే మేమక్కడ ఉన్నట్టే" అని రాజుగారు శాసనం కూడా చేయించారు. అది కనబడితే చెప్పులు విడిచి దణ్ణం పెట్టాలి. దానిమీద కాలు పడిందా, కొరడా దెబ్బలే.

ఒకసారి చాకలి పోలయ్య కోట జెండాలు ఉతికి ఏటి ఇసుకలో ఆరేశాడు. అతని గాడిదకి శాసనాల సంగతి ఏం తెలుసు, జెండా మీదుగా తాపీగా నడుచుకుంటూ పోయింది. భటులు దాన్ని పట్టుకుపోయి ఖైదులో పెట్టారు. మర్నాడు నిండు సభలో విచారణ. పోలయ్య ఒక మూల నిలబడి ఏడుస్తున్నాడు, గాడిద ఇంకో మూల నిలబడి తివాచీ అంచు నములుతోంది.

అప్పుడు కోనప్ప లేచాడు. కోనప్ప ఆ సభలో విదూషకుడు, అంటే రాజుగారికి నవ్వు తెప్పించడం అతని కొలువు. నోటి దురుసు కాస్త ఉన్నా మనసు మెత్తన.

"ప్రభూ, ఇది తప్పు చేసింది, కాదనను. కానీ శిక్ష వేశామనుకోండి, కనకపూడిలో రాజుగారి మీసం తెలియని ప్రాణి ఒకటుందని ఊళ్ళన్నిటికీ తెలిసిపోతుంది. అదేదో దీనికి నేర్పించి పంపేద్దాం. గుట్టుగా పోతుంది" అన్నాడు.

రాజుగారికి ఆ మాట సబబుగా తోచింది. గాడిదకి చదువు చెప్పించారు. ఎలా చెప్పించారో నన్నడక్కండి, గుగ్గిళ్ళు పెట్టి చెప్పారని కొందరంటారు, కర్ర పెట్టి చెప్పారని కొందరంటారు. మొత్తానికి ఆనాటి నుంచి మీసం గుర్తు కనబడితే చాలు, ఆ గాడిద ఆగి, తల వంచి, పక్కనుంచి చుట్టు తిరిగి పోయేది. ఊళ్ళో చదువుకున్న గాడిద అదొక్కటే అని పోలయ్య గొప్పగా చెప్పుకునేవాడు.

ఈ గాడిదని కాస్త గుర్తుంచుకోండి. దీనితో మనకి పనుంది.

కనకపూడి కోటని ఆనుకుని తుళ్ళేరు పారుతుంది. ఎండాకాలంలో మోకాటి లోతు ఉంటుంది, పసిపిల్లలు కూడా దాటేస్తారు. వానలు మొదలయ్యాయా, ఇక దాని ముందు నిలబడడానికే భయం. అవతలి ఒడ్డున మేకలదిబ్బ అని ఒక పల్లె. ఆ పల్లెవాళ్ళంతా గేదెల్ని మేపుకుని, పెరుగు తోడుపెట్టి, పొద్దున్నే పడవెక్కి వచ్చి కోటవీధుల్లో అమ్ముకుని బతికేవాళ్ళు.

కోనప్ప అక్క గంగమ్మ ఉండేది అక్కడే. తల్లి పోయాక కోనప్పని చంకనేసుకుని పెంచింది ఆవిడే. తమ్ముడు కొలువులో చేరాక కూడా ఆవిడ పెరుగుతట్ట దించలేదు. పోయినేడు శ్రావణంలో, పెరుగమ్ముకుని తిరిగి వెళుతుంటే, ఏటి నడిమధ్య పడవ బోల్తా కొట్టింది. గంగమ్మ ఖాళీ కుండ ఒకటి బోర్లించి పట్టుకుని ఎలాగో తేలింది. పక్కన కూచున్న మంగ అనే కొత్తకోడలు తేలలేదు. ఆ పిల్ల గాజుల చేయి తన కొంగు పట్టుకుని జారిపోవడం గంగమ్మ మరిచిపోలేకపోయింది.

వైశాఖం దాటుతుండగా ఆవిడ తమ్ముడి ఇంటి అరుగు మీద తట్ట దించి కూచుంది.

"ఒరే కోనా, నువ్వు నోరు విప్పితే రాజుగారు నవ్వుతారట గదా. నాకు ఆయన నవ్వుతో పనిలేదురా. ఏటిమీద దారి కావాలి. మళ్ళీ వానలొస్తున్నాయంటే పడవెక్కడానికి నా కాళ్ళు రావడం లేదు" అంది.

"ఎక్కొద్దు అక్కా. నేనున్నాను గదా, ఇక్కడే ఉండి కూచుని తిందువు గాని."

"నేను కూచుని తింటే సరా? మంగ అత్త ఏం తింటుంది? దిబ్బంతా ఈ పెరుగు మీదేగా బతుకుతోంది. నేను మానేస్తే ఇంకొకత్తి ఎక్కుతుంది పడవ."

కోనప్ప తట్ట ఎత్తి అక్క తలకి పెట్టి, వీధి మలుపు దాకా వెంట నడిచి వెళ్ళాడు.

వంతెనకి రాళ్ళు లేకనా అంటే అదీ కాదు. రాజుగారి నాన్నగారి హయాంలోనే ఎగువరేవుకి ఒకటి, దిగువరేవుకి ఒకటి, రెండు వంతెనలు వేయిద్దామని కొండ తవ్వించి రాళ్ళు తెప్పించి ఒడ్డున పేర్పించారు. ఎలాంటి వంతెనలు వేయాలో తేలకముందే పెద్దాయన కాలం చేశారు. రాళ్ళకి నాచు పట్టింది. మేకలు వాటిమీదెక్కి ఎండ కాచుకునేవి.

అలా ఉండగా పొరుగున ఉన్న వనగిరి నుంచి దూత వచ్చాడు. వనగిరి రాజుగారికి మీసం లేదు, నున్నటి మూతి. అందుకే మన రాజుగారికి ఆయనంటే చులకన. ఆయన ఏ మంచిపని చేసినా మాత్రం కడుపులో మంట.

దూత నమస్కరించి, "మహారాజా, మా ప్రభువులు ఏటిమీద వంతెన కట్టించారు. ఎలాంటిది కావాలో ప్రజలనే ఎంచుకోమన్నారు. జనం ఎంచుకున్న వంతెన అని నాలుగు దేశాలూ చెప్పుకుంటున్నాయి. తమరు దయచేసి చూడాలని మనవి" అన్నాడు.

రాజుగారి మీసం రెండుసార్లు అదిరింది.

"అదేమంత గొప్ప? మేమూ ఆ పని మీదే ఉన్నాం. మా ప్రజలూ ఎంచుకుంటారు. వాళ్ళు దేన్ని ఎంచుకుంటే దాన్నే కడతాం. ఇది మార్తాండ భూపతి మాట. నువ్వు ఇక్కడే ఉండి, కళ్ళారా చూసి, వెళ్ళి మీ రాజుగారికి చెప్పు" అన్నారు.

దూత విడిదికి వెళ్ళగానే రాజుగారు విశ్వంభరాచార్యుల్ని పిలిపించారు. ఆచార్యులు ఆస్థాన స్థపతి. ఆ రాజ్యంలో గోడ లేవాలన్నా గుమ్మం నిలబడాలన్నా ఆయన సెలవు కావాలి. కోనప్ప ఎలాగూ పక్కనే ఉన్నాడు.

"ప్రజలు ఎంచుకోవాలి. మాకు నచ్చిందే ఎంచుకోవాలి. ఎలా చేస్తారో మీ ఇష్టం" అన్నారు రాజుగారు.

ఆచార్యులు ఇలాంటి రోజు కోసమే కాచుక్కూచున్నట్టు పట్టుగుడ్డ కప్పిన బొమ్మ ఒకటి తెప్పించి, గుడ్డ తొలగించారు. అది వంతెన. ఏటికి అడ్డంగా రెండు వంపులు లేచి, నడుమ కలుసుకుని, రెండు చివర్లా మళ్ళీ పైకి మెలితిరిగి ఉంది. చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది, అది రాజుగారి మీసం.

రాజుగారు చాలాసేపు దాన్నే చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

"ఆచార్యులవారూ, ఆ మెలితిరిగిన చోట బండి ఎలా ఎక్కుతుందండీ?" అనడిగాడు కోనప్ప.

"బండి కోసం సౌందర్యాన్ని వంచమంటావా?"

"సౌందర్యం బాగానే వంగి ఉందండీ. ఎక్కే వాడి నడుమే వంగేట్టుంది. తలమీద కుండ పెట్టుకున్న మనిషి ఎక్కాలంటే?"

"కుండ దించి ఎక్కాలి" అన్నారు ఆచార్యులు విసుగ్గా. "ప్రభూ, ఒక్క మనవి. ఈ వంపులు నిలబడాలంటే ఒడ్డున ఉన్న రాయంతా దీనికే పడుతుంది. రెండో వంతెనకి మిగలదు."

"రెండో మీసం మాకు మాత్రం ఉందా? ఒక్కటి చాలు" అన్నారు రాజుగారు. "మరి ప్రజల సంగతి?"

"దానికేముంది ప్రభూ. మూడు నమూనాలు పెడదాం. ఒకటి ఇది. రెండోది ఒంటి వెదురు వేసిన వంతెన, ఎక్కాలంటేనే గుండె జారుతుంది. మూడోది ఒట్టి బల్లపరుపు వంతెన. అందం లేదు, చందం లేదు, అరుగు తీసుకెళ్ళి ఏటిమీద పెట్టినట్టుంటుంది. ఆ రెండింటినీ చూశాక కళ్ళున్నవాడెవడైనా దీని దగ్గరికే వస్తాడు."

రాజుగారు పొంగిపోయి ఆచార్యులకి శాలువా కప్పించారు. కోనప్ప కూడా అందరితోపాటు తలూపాడు గానీ, సభ నుంచి బయటపడ్డాక అడుగు ముందుకి పడలేదు. రాయంతా మీసానికే పోతే అక్క బతికుండగా మరో వంతెన లేదు. ఉన్న వంతెన ఎవరూ ఎక్కలేరు. ఇక మిగిలేది పడవే. కాదని ఎదురు చెబితే రాజుగారు మొండికేస్తారు, ఔనంటే పని చెడుతుంది. ఏం చేయాలో పాలుపోక ఏటి ఒడ్డుకి వెళ్ళి రాళ్ళగుట్ట మీద కూచున్నాడు.

అప్పుడే పోలయ్య గాడిద మూటలు మోసుకుంటూ అటుగా వచ్చింది. రేవు దగ్గర మీసం జెండా ఒకటి గాలికి ఊడి దారికి అడ్డంగా పడి ఉంది. గాడిద దాన్ని చూసింది. ఆగింది. భక్తిగా తల వంచింది. దారి వదిలి, ముళ్ళకంపలోంచి చుట్టు తిరిగి, అవతల మళ్ళీ దారిలో పడింది.

కోనప్ప నోరు తెరుచుకుని దానివంకే చూస్తుండిపోయాడు. తరవాత లేచి దాని మెడ కౌగిలించుకున్నాడు. చూసినవాళ్ళు కోనప్పకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు.

మర్నాడు సభలో అతని కంటే ఎక్కువగా మీసం వంతెనని పొగిడినవాడు లేడు.

"ప్రభూ, రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు. ఇంత గొప్ప వంతెనని చిన్న బొమ్మగా బల్లమీద పెట్టి చూపిస్తే కంటికేం ఆనుతుంది? మూడింటినీ కర్రతో పెద్దవిగా చేయించి పంటకాలవ మీద వేయిద్దాం. చెప్పులు కొనేవాడు కూడా తొడుక్కుని నడిచి చూసుకుంటాడు కదా. మనిషికో బంతిపువ్వు ఇద్దాం. తనకి నచ్చిన వంతెన మీద నడిచి, అవతల ఉన్న బుట్టలో వెయ్యమందాం. ఏ బుట్టలో ఎక్కువ పూలుంటే అదే ప్రజలు ఎంచుకున్న వంతెన. వనగిరి దూత కళ్ళముందే జరిగిపోతుంది."

"బాగుంది" అన్నారు రాజుగారు.

"ఇంకొక్క లోటు. కొందరు అమాయకులు దీన్ని చూసి కొడవలి అనుకోవచ్చు, గేదె కొమ్ములు అనుకోవచ్చు. మీసమని తెలియాలి. నిగనిగలాడే నల్లరంగు వేయించి, రెండు చివర్లా రాజముద్ర కొట్టిద్దాం."

"వేయించండి. కొట్టించండి."

"చాటింపు కూడా వేయిద్దాం ప్రభూ. ఇది ఉత్త కర్ర కాదు, సాక్షాత్తూ ప్రభువుల మీసం, దీనికి ప్రభువులకి చేసే మర్యాదలన్నీ చేయాలి అని."

రాజుగారు మీసం దువ్వుకున్నారు. "శాసనం ఎలాగూ ఉందిగా. మళ్ళీ ఒకసారి గట్టిగా చదివించండి. వనగిరివాడు కూడా వింటాడు" అన్నారు.

విశ్వంభరాచార్యులకి ఆశ్చర్యం వేసింది. "కోనప్పా, నీకు సౌందర్య దృష్టి ఇంత ఉందని నాకు తెలియదు" అన్నారు.

"నాకూ నిన్నటిదాకా తెలియదండీ" అన్నాడు కోనప్ప.

ఆ సాయంత్రం అతను మేకలదిబ్బకి వెళ్ళాడు. అక్క పెట్టిన పెరుగన్నం తిని, చేయి కడుక్కుంటూ, "అక్కా, ఎంపిక రోజున అందరికంటే ముందు నువ్వు రావాలి. చాటింపు వింటావు గదా, అందులో ఎలా చెబితే అలా చెయ్యి. ఒక్క అక్షరం తప్పొద్దు" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

గంగమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. చిన్నప్పుడు మీగడ దొంగిలించిన రోజున కూడా వాడి మొహం అలాగే అమాయకంగా ఉండేది. ఇంకేం అడగలేదు.

ఎంపిక రోజు వచ్చింది. పంటకాలవ గట్టంతా జనం. ఒకవైపు రాజుగారు ఎత్తయిన గద్దె మీద, పక్కన వనగిరి దూత, వెనక ఆచార్యులు. కాలవ మీద మూడు వంతెనలు. ఒంటి వెదురు వంతెన గాలికే ఊగుతోంది. బల్లపరుపు వంతెన ఏ రంగూ లేకుండా, రెండు వైపులా చేత్తో పట్టుకునే కమ్మీలతో, వెడల్పుగా పడి ఉంది. మధ్యలో మీసం వంతెన తళతళా మెరుస్తోంది. చాటింపువాడు డప్పు కొట్టి మర్యాదలన్నీ ఏకరువు పెట్టాడు.

గంగమ్మ బంతిపువ్వు చేత పట్టుకుని ముందుకొచ్చింది. తిన్నగా మీసం వంతెన దగ్గరికే నడిచింది. రాజుగారు గర్వంగా దూత వైపు చూశారు.

వంతెన దగ్గర ఆవిడ ఆగింది. చెప్పులు విడిచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని సాగిలపడి మొక్కింది. లేచి, తెచ్చుకున్న కొబ్బరికాయ కొట్టి, రెండు చెంపలూ వేసుకుంది. ఆ తరవాత చెప్పులు చేత పట్టుకుని పక్కకి తిరిగి, బల్లపరుపు వంతెన ఎక్కి, కమ్మీ పట్టుకుని అవతలికి నడిచి, బుట్టలో పువ్వు వేసింది.

జనానికి దారి తెలిసిపోయింది. వెనకవాడు ముందువాణ్ణి చూసి, వాడి వెనకవాడు వీణ్ణి చూసి, అందరూ అదే వరస. మీసానికి మొక్కడం, బల్లపరుపు మీద నడవడం. కాసేపటికి మీసం వంతెన ముందు కొబ్బరిచిప్పలు గుట్ట పడ్డాయి. కర్పూరం వెలిగింది. ఎవరో ముడుపు కూడా కట్టారు. దాని అవతల ఉన్న బుట్టలో మాత్రం ఒక్క పువ్వు లేదు. బల్లపరుపు వంతెన బుట్ట నిండి పొర్లి, పూలు కాలవలో పడి కొట్టుకుపోతున్నాయి.

చివరికి పోలయ్య గాడిదని తోలుకుని వచ్చాడు. గాడిద మీసం వంతెన ముందు ఆగి తల వంచింది. చుట్టు తిరిగి బల్లపరుపు వంతెన మీదుగా పోయింది. దూత దాన్ని చూసి, "మహారాజా, మీ రాజ్యంలో గాడిదలకి కూడా ఎంత మర్యాద" అన్నాడు. అతను నిజంగానే మెచ్చుకున్నాడు.

మొదట మొక్కులు చూసి మురిసిపోయిన రాజుగారికి ఇప్పుడు ఒళ్ళు మండింది. భటుల నాయకుడైన దళవాయిని పిలిచి, "భటుల్ని దాని మీద నడిపించు" అన్నారు. భటులు వంతెన దాకా వెళ్ళి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, అక్కడే నిలబడిపోయారు. కొరడా దెబ్బలు ఎలా ఉంటాయో కొట్టేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

"ఆచార్యులూ, మీరు నడవండి. శాసనం మాది. మేమే సెలవిస్తున్నాం" అన్నారు రాజుగారు.

ఆచార్యులు వణుకుతూ వెళ్ళి పంచె ఎగ్గట్టి, కుడికాలు ఎత్తారు. ఎత్తి ఒకసారి వెనక్కి చూశారు. రాజుగారి చేయి తనకి తెలియకుండానే మీసాన్ని కప్పుకుని ఉంది. ఆచార్యులు కాలు దించేశారు. రాజుగారు చేయి తీశారు. ఆయన మళ్ళీ కాలెత్తారు. ఈయన చేయి మళ్ళీ మీసం మీదికి పోయింది. జనం పళ్ళ బిగువున నవ్వు ఆపుకుంటున్నారు.

అప్పుడు కోనప్ప గద్దె దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇవాళంటే ఆచార్యులవారొక్కరే. కట్టాక అందరికీ సెలవివ్వాలి కదా. రోజూ బండ్లు పోతాయి, సంతకి మేకలు పోతాయి. మేకలదిబ్బ గేదెలు పోతాయి. గేదె నడుస్తూ నడుస్తూ ఊరుకోదు, పేడ వేస్తుంది. దాన్ని ఎత్తిపొయ్యడానికి మనిషిని పెట్టిద్దామా, తమరే చెప్పండి."

రాజుగారి ముక్కు ముడతలు పడింది.

"అది సరే ప్రభూ, ప్రారంభం రోజున వనగిరి మహారాజుగారిని పిలవకుండా ఉండలేం కదా. ఆయనకి చేసే మొదటి మర్యాద, వంతెన మీద ముందుగా నడవమనడం."

దూత సంతోషంగా అందుకున్నాడు. "తప్పకుండా నడుస్తారండీ. కొత్త వంతెన ఎక్కడ కట్టినా మా ప్రభువులకి అదొక అలవాటు. ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, మధ్యలో ఆగి, గట్టిగా ఉందో లేదో అని మడమతో తొక్కి చూస్తారు."

నున్నటి మూతి ఆయన వచ్చి, తన మీసం మీదెక్కి, నడుమ ఆగి, మడమతో తొక్కుతున్నట్టు రాజుగారి కళ్ళకి కట్టింది. ఆయన మొహం ముందు తెల్లబడి, తరవాత ఎర్రబడింది.

"కోనప్పా, నడిచి ఎంచుకోవాలన్నది నువ్వే కదూ?"

"నేనే ప్రభూ. బాగుందన్నది తమరు."

"నల్లరంగు వేయించమన్నదీ నువ్వే. శాసనం చాటించమన్నదీ నువ్వే. నన్ను ఇంతమందిలో వెర్రివాణ్ణి చేశావు. నీ వీపు ఏమవుతుందో తెలుసా?"

కోనప్ప మోకాళ్ళ మీద కూచున్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"తెలుసు ప్రభూ. తెలిసే చేశాను. ముందుగా మొక్కిన ఆవిడ మా అక్క. పోయినేడు పడవ మునిగితే కుండ పట్టుకుని తేలింది. పక్కన మంగ అనే పిల్ల తేలలేదు. కోటలోకి వచ్చే పెరుగు ఆ పిల్లే తెచ్చేది, తమరు ఆ పెరుగు తిన్నారు. మళ్ళీ వానలొస్తున్నాయి. మా అక్క మళ్ళీ పడవెక్కుతుంది. నాకు కొరడా దెబ్బలంటే భయమే, కానీ అదంటే ఇంకా భయం."

రాజుగారు గంగమ్మ వైపు చూశారు. ఆవిడ తలవంచుకుని నిలబడి ఉంది, చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఆయన ఏటి వైపు చూశారు. మంగ అనే పేరు ఆయన అప్పుడే మొదటిసారి విన్నారు. పెరుగు మాత్రం గుర్తుంది. కమ్మగా ఉండేది, ఒకనాడు రావడం మానేసింది. ఎందుకు మానేసిందని తను అడగలేదు.

తరవాత ఆయన చూపు మీసం వంతెన మీదికి పోయింది. కొబ్బరిచిప్పల మధ్య ఆచార్యులు ఇంకా పంచె ఎగ్గట్టుకుని, దించడానికి సెలవు లేక, ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. రాజుగారి పెదవి వణికింది. మీసం కొస కదిలింది. నవ్వు గొంతులోంచి పొర్లుకొచ్చి, ఆయన పొట్ట పట్టుకుని, గద్దె చెయ్యి పట్టుకుని, కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

"కాలు దించవయ్యా ఆచార్యులూ" అన్నారు చివరికి. "ప్రజలు దేన్ని ఎంచుకుంటే దాన్నే కడతామన్నాం. ఎంచుకున్నారు. ఆ బల్లపరుపు వంతెనే కట్టండి. దానికి రాయి ఎంత పడుతుంది?"

"సగం చాలు ప్రభూ" అన్నారు ఆచార్యులు నీరసంగా.

"అయితే ఎగువరేవుకీ ఒకటి, దిగువరేవుకీ ఒకటి. నాన్నగారు అనుకున్నట్టే. కానీ కోనప్పా, మా మీసం ఏం కావాలి?"

"మీసం కాళ్ళ కింద ఎందుకు ప్రభూ? తలమీద ఉండాల్సింది. వంతెన మొదట్లో రాతి తోరణం లేపి, దాని మీద ఇత్తడి మీసం పెట్టిద్దాం. ఆ మెలితిరిగిన కొసలు రెండూ లాంతర్లు తగిలించడానికి మహా వీలుగా ఉంటాయి. చీకట్లో ఒడ్డుకొచ్చేవాళ్ళకి మీ మీసమే దారి చూపిస్తుంది."

రాజుగారు లేచి వచ్చి, తన చేతి బంగారు కడియం తీసి కోనప్ప చేతికి తొడిగారు.

ఆచార్యుల గురించి ఒక మంచిమాట చెప్పుకోవాలి. మనసు కష్టపెట్టుకున్నా పని మాత్రం దగ్గరుండి చేయించారు. ఊరంతా రాళ్ళు మోసింది, మేకలదిబ్బంతా సున్నం కలిపింది. పెద్దవానలు దిగేలోపు దిగువరేవు వంతెన లేచింది. ఎగువరేవుది ఆ మరుసటేడు.

ప్రారంభం రోజున తుళ్ళేరు ఎర్రటి కొత్తనీటితో పరుగెడుతోంది. వనగిరి రాజుగారు వచ్చారు, అలవాటు ప్రకారం మడమతో తొక్కి చూశారు, బాగుందన్నారు. మన రాజుగారు తోరణం కింద నిలబడి నవ్వుతూనే ఉన్నారు. ఎందుకంటే తొక్కింది ఉత్త రాయినే.

పోలయ్య గాడిద ఒక్కటే పేచీ పెట్టింది. తోరణం మీద మీసం చూసి ఆగి, తల వంచి, చుట్టు తిరిగి పోవడానికి దారి వెతికింది. అటూ ఇటూ ఏరే. వెనకాల బండ్లు ఆగిపోయాయి. రాజుగారు నాలుగడుగులు వేసి వచ్చి, దాని పలుపు తనే పట్టుకుని, "పద పద, ఇకమీదట నీకు సెలవు" అంటూ తోరణం దాటించారు. శాసనాన్ని ఆ తరవాత ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

కాసేపటికి గంగమ్మ అవతలి ఒడ్డు నుంచి నడిచి వచ్చింది. తలమీద తట్ట, చేతికి తమ్ముడు తొడిగిన కడియం. నడిమధ్యకి వచ్చాక ఆగి, నీళ్ళకేసి చూసి, కొంగున కట్టుకొచ్చిన బంతిపూలు కిందికి వదిలింది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నడిచింది.

తోరణం దగ్గర తట్ట దించి, ముంత నిండా చిక్కటి మజ్జిగ పోసి రాజుగారికిచ్చింది. ఆయన ఎత్తి గటగటా తాగారు. ముంత దించేసరికి మీసం ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా ఉంది.

జనం బిగుసుకుపోయారు. నవ్వితే తప్పు, చూసి ఊరుకుంటే అదీ తప్పే. కోనప్ప మెల్లగా చెప్పులు విడిచి, ఆ తెల్లమీసానికి భక్తిగా దణ్ణం పెట్టాడు.

రాజుగారు వేలితో మీసం తడుముకుని, వేలి వంక చూసుకుని, అందరికంటే ముందు తనే పకపకా నవ్వారు. ఆ నవ్వు వంతెన పొడుగునా పాకి అవతలి ఒడ్డుకి చేరింది.

గంగమ్మ ముంత అందుకుని కడుగుతూ, "రేపూ తెస్తాను బాబూ. వాన పడినా తెస్తాను" అంది.